నాన్నగారు కొన్న పాత కార్లు

మా ఇంట్లో కొత్త కారు ఎప్పుడూ కొనలేదు. కొనగలిగిన స్థితి వచ్చిన తరువాత కూడా నాన్నగారు పాత కార్ల వైపే మొగ్గు చూపేవారు. కొత్త కారు విలువలో పెద్ద కోత మొదటి కొన్నేళ్లలోనే పడుతుందనీ, ఆ నష్టాన్ని వేరొకరు భరించిన తరువాత బండిని మన చేతిలోకి తీసుకొని శ్రద్ధగా చూసుకుంటే ఒక కుటుంబానికి అంతకంటే చవకైన ప్రయాణం ఉండదనీ ఆయన లెక్క. అయితే ఆ లెక్కకు ఒక షరతు ఉండేది. పాత కారు కొనడమంటే దానితో పాటు ముందు యజమాని అలవాట్లను కూడా కొనడమేననీ, అందుకని బండిని ఎంత పరీక్షిస్తామో మనిషిని కూడా అంత పరీక్షించాలనీ అనేవారు. నా చిన్నతనంలో కార్లు చూడటానికి ఆయన వెంట వెళ్లిన ప్రతిసారీ ఈ రెండు పరీక్షలూ ఏకకాలంలో జరగడం గమనించేవాణ్ణి. వాటిలో ఏ పరీక్ష ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగిసేదో అమ్మేవారికి చాలాసార్లు తెలిసేది కాదు.

ఆయన పెట్టే మొదటి నియమం, మేము వచ్చేవరకు బండి స్టార్ట్ చేయవద్దని. ఈ మాట ముందురోజే చెప్పేవారు. అక్కడికి వెళ్లగానే కుశలప్రశ్నలు వేస్తూనే అరచేతిని బానెట్ మీద ఆనించేవారు. అది వెచ్చగా తగిలితే, మరొక రోజు వస్తామని మర్యాదగా చెప్పి వెనుదిరిగేవారు. అప్పట్లో నాకు ఇది చాదస్తంగా తోచేది. వేడెక్కిన ఇంజను తన లోపాలను చాలావరకు దాచుకుంటుందని తరువాత అర్థమైంది. రాత్రంతా ఆగి ఉన్న ఇంజనులో ఆయిల్ అంతా కిందికి దిగిపోయి ఉంటుంది, లోహపు భాగాల మధ్య సందులు కాస్త ఎక్కువగా ఉంటాయి, బ్యాటరీ తన శక్తి మేరకు పని చేయవలసి వస్తుంది. స్టార్టరు నీరసంగా తిరిగినా, టప్ టప్ మనే శబ్దం మొదటి కొన్ని క్షణాల్లో ఆగకుండా కొనసాగినా, లోతు నుంచి బరువైన దెబ్బల చప్పుడు వినిపించినా ఆ మొదటి నిమిషంలోనే బయటపడాలి. ఉదయం నుంచి తిప్పి వేడిగా ఉంచిన బండిలో వీటిలో సగం వినిపించవు.

బండి స్టార్ట్ అవుతున్నప్పుడు నన్ను వెనుక సైలెన్సర్ దగ్గర నిలబెట్టేవారు. పొగ రంగు చూసి చెప్పడం నా పని. మొదట్లో ఏ పొగ కనిపించినా కంగారుపడి అరిచేవాణ్ణి. చలి ఉదయాల్లో కొద్దిసేపు కనిపించే పలుచని తెల్లని ఆవిరి వల్ల భయం లేదనీ, ఇంధనం మండినప్పుడు పుట్టే నీటి ఆవిరి చల్లని గొట్టంలో తేమగా మారి అలా కనిపిస్తుందనీ నెమ్మదిగా నేర్పారు. ఇంజను పూర్తిగా వేడెక్కిన తరువాత కూడా దట్టమైన తెల్లపొగ తియ్యని వాసనతో వస్తూనే ఉంటే, కూలెంట్, అంటే ఇంజనును చల్లబరిచే ద్రవం, ఎక్కడో సిలిండరులోకి చేరి ఆవిరవుతున్నదని అర్థం. ఇంజను పైభాగానికీ కిందిభాగానికీ మధ్య ఉండే సీలు, హెడ్ గ్యాస్కెట్, పోయిన బండికి అది లక్షణం. స్టార్ట్ చేయగానే ఒక్కసారి నీలిపొగ వచ్చి ఆగిపోతే వాల్వు సీళ్లు అరిగి రాత్రిపూట ఆయిల్ లోపలికి జారినట్లు, యాక్సిలరేటర్ తొక్కిన ప్రతిసారీ నీలిపొగ వస్తే పిస్టన్ రింగులు అరిగినట్లు అనుమానించాలి. మొదటిది కొంతకాలం ఓర్చుకోదగిన లోపం, రెండవది ఇంజను విప్పవలసిన లోపం. నల్లపొగ అయితే ఇంధనం ఎక్కువగా పోతున్నదని గుర్తు. ఇంధనాన్ని గాలితో కలిపే కార్బురేటర్ల కాలంలో అది తరచుగా కనిపించేది, సర్దుబాటుతో పోయేది.

తరువాత ఆయిల్ మట్టం చూసే సన్నని కడ్డీ, డిప్‌స్టిక్, తీసేవారు. ఆయిల్ ఎంత ఉందన్నదానికంటే ఎలా ఉందన్నదే ఆయన ఎక్కువగా చూసేవారు. నల్లబడిన ఆయిల్ చూసి భయపడనవసరం లేదు, ముఖ్యంగా డీజిల్ ఇంజనులో ఆయిల్ మార్చిన కొద్దిరోజులకే నల్లబడుతుంది. కానీ ఆయిల్ పోసే మూత తీసి చూసినప్పుడు దాని అడుగున పాలమీగడ రంగులో ముద్ద పేరుకొని ఉంటే ఆగి ఆలోచించాలి. ఆయిల్లో నీరు కలుస్తున్నదేమోనన్నది మొదటి అనుమానం. అయితే రోజూ చిన్న చిన్న దూరాలు మాత్రమే తిరిగే బండిలో కూడా, ఇంజను పూర్తిగా వేడెక్కక లోపలి తేమ ఆవిరి కాకుండా మిగిలిపోయి మూత కింద అలాంటి పూతే ఏర్పడుతుంది. ఆ రెండింటినీ వేరు చేయాలంటే డిప్‌స్టిక్ మీది ఆయిల్ కూడా అదే రంగులో ఉందా, రేడియేటరులో నీటి మట్టం తగ్గుతున్నదా అన్నవి కలిపి చూడాలి. ఒక్క గుర్తుతో తీర్పు చెప్పవద్దని ఆయన ప్రతి కారు దగ్గరా అనేవారు. రేడియేటర్ మూత మాత్రం ఇంజను చల్లగా ఉన్నప్పుడే తీసేవారు. లోపల నూనె తెట్టు తేలుతూ ఉంటే ఆయిల్ నీటిలో కలుస్తున్నదని, కూలెంట్ స్థానంలో తుప్పురంగు నీరు ఉంటే ఆ యజమాని ఏళ్ల తరబడి కుళాయి నీళ్లు పోస్తూ వచ్చాడని ఆయనకు తెలిసిపోయేది.

ఇక మనిషిని పరీక్షించే సంగతి. "ఎందుకు అమ్ముతున్నారు?" అని నాన్నగారు ఎప్పుడూ అడగలేదు. ఆ ప్రశ్నకు ప్రతివారి దగ్గరా సిద్ధంగా ఒక సమాధానం ఉంటుందనీ, అది నిజమో కాదో తేల్చే మార్గం మనకు లేదనీ ఆయన ఉద్దేశం. "బ్యాటరీ ఎప్పుడు మార్చారండీ? టైర్లు నాలుగూ ఒకేసారి వేయించారా? ఇంజను ఆయిల్ ఏ గ్రేడు వాడుతున్నారు?" అని, ఏదో తనకు తెలియనట్లు అడిగేవారు. బండిని సొంతంగా చూసుకున్న మనిషి ఈ ప్రశ్నలకు ఆలోచించి, ఒక్కొక్కసారి లోపలికి వెళ్లి బిల్లులు తెచ్చి మరీ చెబుతాడు. పట్టించుకోని మనిషి "అన్నీ బాగానే ఉన్నాయండీ, మీరు చూసుకోనక్కర్లేదు" అంటాడు. ఆ రెండవ సమాధానం విన్న తరువాత కూడా ఆయన బండి చుట్టూ తిరిగేవారు గానీ, ఆ తిరగడం మర్యాద కోసమేనని నాకు తెలిసిపోయేది.

బయటి మెరుపు మీద ఆయనకు నమ్మకం ఉండేది కాదు. తలుపుకూ తలుపుకూ మధ్య ఉండే సందు పైనుంచి కిందివరకు ఒకే వెడల్పులో ఉందా, ఎడమవైపు సందు కుడివైపు సందుతో సమానంగా ఉందా అని చూసేవారు. కిటికీల చుట్టూ ఉండే రబ్బరు బీడింగు మీద రంగు తుంపరలు పడ్డాయేమో వేలితో తడిమేవారు. ఫెండర్లను బిగించిన బోల్టుల తలల మీద రంగు చెదిరి ఉంటే ఎప్పుడో వాటిని విప్పారని అర్థం. అమ్మ సంచిలో చిన్న అయస్కాంతం ఒకటి మెత్తని గుడ్డలో చుట్టి ఉండేది. ఉక్కు రేకు మీద దాన్ని ఆనిస్తే పట్టుకోవాలి. ఎక్కడైనా పట్టు సడలితే ఆ రంగు కింద రేకుకు బదులు పుట్టీ మందంగా ఉన్నదన్నమాట. (ఈనాటి కార్లలో అల్యూమినియం, ప్లాస్టిక్ భాగాలు కూడా ఉంటాయి కనుక అయస్కాంతం అంటుకోలేదని వెంటనే అమ్మేవాణ్ణి అనుమానించడం న్యాయం కాదు.) చిన్న డెంటు తీయించి రంగు వేయించడాన్ని ఆయన తప్పుపట్టేవారు కాదు. దాన్ని దాచడాన్ని మాత్రం క్షమించేవారు కాదు.

నాకు బాగా గుర్తున్న సంఘటన ఒకటుంది. ఒకసారి మేము చూడబోయిన కారు అద్దంలా మెరుస్తున్నది, లోపల పరిమళం గుప్పుమంటున్నది, మీటరు మీద తిరిగిన దూరం చాలా తక్కువ. అక్కయ్యకూ నాకూ అప్పటికే అది మా కారైపోయింది. నాన్నగారు డ్రైవరు సీట్లో కూర్చొని, సీటు బెల్టును మామూలుగా మనం లాగే దూరం కంటే ఇంకా ముందుకు, చివరి అంచు కనిపించేవరకు నెమ్మదిగా లాగారు. ఎప్పుడూ చుట్టలోపలే ఉండిపోయే ఆ చివరి జానెడు భాగం మీద మట్టిగీత ఒకటి అడ్డంగా ఉంది. ఆ తరువాత సీటును వెనక్కి జరిపి దాని కింది బోల్టులు చూశారు, తుప్పు పట్టి ఉన్నాయి. కాళ్ల కింది కార్పెట్టు అంచు ఎత్తి చేయి పెడితే అడుగు స్పాంజి చెమ్మగా ఉంది. వరదనీటిలో మునిగిన కారును ఎంత కడిగినా, ఎంత అత్తరు చల్లినా, బెల్టు చుట్టలోపలి మట్టిని కడగాలని ఎవరికీ తోచదు. అలాంటి కారులో వైర్ల కనెక్టర్లలోకి చేరిన తేమ నెలల తరువాత ఒక్కొక్క లోపంగా బయటపడుతుంది కనుక ఎంత తక్కువ ధరకైనా దాన్ని తీసుకోకూడదని ఇంటికి వచ్చే దారిలో చెప్పారు. మూడు బిందువుల సీటు బెల్టును 1959లో వోల్వో సంస్థలో నిల్స్ బోలిన్ అనే ఇంజనీరు రూపొందించారనీ, ఇతర తయారీదారులు కూడా వాడుకొనేందుకు ఆ సంస్థ దాని పేటెంటును అందరికీ అందుబాటులో ఉంచిందనీ చాలా ఏళ్ల తరువాత చదివినప్పుడు, ప్రాణాలు కాపాడటానికి పుట్టిన ఆ పట్టీ మా ఇంటి డబ్బును కూడా ఒకసారి కాపాడిందని నవ్వుకున్నాను.

మీటరు మీది అంకెను ఆయన ఎన్నడూ నేరుగా నమ్మలేదు, పూర్తిగా కొట్టిపారేయనూ లేదు. ఆ అంకె చెప్పే కథ, బండిలోని మిగతా వస్తువులు చెప్పే కథ ఒకటేనా అని పోల్చి చూసేవారు. బ్రేకు, క్లచ్ పెడళ్ల రబ్బర్లు, స్టీరింగు మీద చేతులు ఆనే చోటు, గేరు రాడ్ తల, డ్రైవరు ఎక్కి దిగేటప్పుడు ఒరుసుకొనే సీటు అంచు, ఇవి తిరిగిన దూరానికి తగ్గట్టు అరుగుతాయి. మీటరు తక్కువ చూపిస్తూ ఈ చోట్లన్నీ నున్నగా అరిగి ఉంటే ఎక్కడో అబద్ధం ఉంది. తక్కువ తిరిగిందని చెప్పే బండికి పెడల్ రబ్బర్లు మాత్రం కొత్తవి వేసి ఉంటే, వాటిని ఎందుకు మార్చవలసి వచ్చిందో అడగాలి. పాత సర్వీసు బిల్లుల మీద ఆనాటి మీటరు అంకె రాసి ఉంటుంది. వాటిని తేదీల వరుసలో పేర్చి, అంకెలు క్రమంగా పెరుగుతున్నాయా అని చూడటం అమ్మ పని. చాసిస్ నంబరు సరిచూడటం కూడా ఆమె పనే. 1980ల నుంచి వచ్చిన కార్లలో చాలావాటికి అది 17 స్థానాల పొడవు ఉంటుంది. ఒకటి, సున్నా అంకెలతో పొరబడకుండా అందులో ఐ, ఓ, క్యూ అక్షరాలు వాడరు. అమ్మ కాగితం పట్టుకొని చదువుతుంటే నాన్నగారు టార్చిలైటుతో బండి మీది అక్షరాలను ఒక్కొక్కటే సరిచూసేవారు. ఒక్క అక్షరం తేడా వచ్చినా, ఒక్క అంకె చుట్టూ గీకినట్లు కనిపించినా బేరం అక్కడితో సరి.

చివరికి మేము ఎక్కువకాలం వాడిన కారు చూపులకు అందరినీ నిరాశపరిచింది. పైకప్పు మీద రంగు ఎండకు వెలిసిపోయింది, ఒక తలుపు మీద పొడవాటి గీత ఉంది, మీటరు మీద అంకె చూసి అక్కయ్య మొహం ముడుచుకుంది. కానీ దాని యజమాని, ఉద్యోగ విరమణ చేసిన పెద్దాయన, మొదటి రోజు నుంచి అన్ని బిల్లులూ ఒక దారానికి గుచ్చి ఉంచారు. ఆ గీత ఎప్పుడు ఎలా పడిందో, వెనుక ఎడమ కిటికీ అద్దం ఎందుకు బిగుతుగా దిగుతుందో మేము అడగకముందే చెప్పారు. నాన్నగారు ఆ రోజు ధర గురించి పెద్దగా బేరమాడలేదు. రంగు వెలిసినంత మాత్రాన బండి నడక మారదనీ, ఎక్కువ దూరం తిరిగినా వేళకు ఆయిల్ మార్పించుకున్న ఇంజను, తక్కువ తిరిగి ఏళ్ల తరబడి మూలన పడి ఉన్న ఇంజను కంటే మేలనీ ఆయన మమ్మల్ని ఓదార్చారు. ఎక్కువకాలం కదలకుండా ఉన్న బండిలో రబ్బరు గొట్టాలు, సీళ్లు గట్టిపడతాయి, బ్రేకు డిస్కులు తుప్పు పడతాయి, ట్యాంకులో పెట్రోలు పాడవుతుంది, టైర్లు ఒకేచోట బరువు మోసి ఆకారం చెడతాయి. తక్కువ తిరిగింది అన్న మాటకు మనం అలవాటుగా ఇచ్చే గౌరవంలో సగం అనవసరమని నేను ఇప్పటికీ అనుకుంటాను.

నడిపి చూసేటప్పుడు నాన్నగారు రేడియో కట్టేయించేవారు, మాటలు కూడా ఆపించేవారు. కాసేపు ఎగుడుదిగుడు దారిలో, కాసేపు మంచి రోడ్డు మీద నడిపేవారు. ఖాళీ స్థలంలో స్టీరింగు పూర్తిగా ఒకవైపుకు తిప్పి నెమ్మదిగా కదిలించినప్పుడు ముందు చక్రాల దగ్గర టక్ టక్ మని వినిపిస్తే యాక్సిల్ జాయింట్లు అరిగినట్లు. వేగంతో పాటు పెరిగే హోరు, బండి ఒకవైపు వాలినప్పుడు మారితే చక్రం బేరింగు మీద అనుమానం. పై గేరులో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు ఇంజను రొద పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ జారుతున్నట్లు. బ్రేకు వేసినప్పుడు బండి ఒకవైపుకు లాగకూడదు, పెడల్ కాలి కింద అదరకూడదు. ఆగిన తరువాత పెడల్‌ను అలాగే నొక్కి పట్టుకున్నప్పుడు అది నెమ్మదిగా కిందికి దిగిపోతుంటే బ్రేకులకు ఒత్తిడి పంపే మాస్టర్ సిలిండరులో లోపం ఉన్నట్లే, ఆ స్థితిలో బండిని రోడ్డెక్కించడమే ప్రమాదం. ఇవన్నీ అయిన తరువాత కూడా, తాను చూసినది చాలదన్నట్లు, మేము బాబాయి అని పిలిచే మెకానిక్‌కు బండిని చూపించి, లిఫ్టు మీదికి ఎక్కించి అడుగుభాగం చూడనిదే డబ్బు ఇచ్చేవారు కాదు.

కారు ఇంటికి వచ్చిన తరువాత పని తగ్గేది కాదు. ఆదివారం ఉదయం బండి బయటికి తీయకముందే టైర్ల గాలి చూడటం మాకు అలవాటుగా మారింది. కొంతదూరం నడిచిన టైరు వేడెక్కి గాలి ఎక్కువ ఉన్నట్లు చూపిస్తుంది కనుక చల్లగా ఉన్నప్పుడే కొలవాలి, వేడి టైరులో ఎక్కువగా కనిపించిందని గాలి తీసేయకూడదు. వాతావరణం 10 డిగ్రీల సెల్సియస్ చల్లబడితే ఒకటి రెండు పీఎస్ఐల మేర తగ్గుతుంది. ఎంత ఉండాలన్నది డ్రైవరు తలుపు దగ్గరి పట్టీ మీదో, పుస్తకంలోనో రాసి ఉంటుంది. టైరు గోడ మీద కనిపించే అంకె ఆ టైరు భరించగల గరిష్ఠం, మనం నింపవలసినది కాదు. టైరు అరిగిన తీరును చదవడం కూడా అక్కడే నేర్చుకున్నాను. మధ్యలో మాత్రమే అరిగితే గాలి ఎక్కువ, రెండు అంచులూ అరిగితే గాలి తక్కువ, ఒక అంచు మాత్రమే అరిగితే ఎలైన్‌మెంట్ తప్పింది. గాడుల మధ్యలో ఉండే చిన్న గట్ల మట్టానికి, అంటే సుమారు 1.6 మిల్లీమీటర్లకు, టైరు అరిగితే దాని పని అయిపోయినట్లే. టైరు వయసు దాని గోడ మీదే ఉంటుంది. 2000 నుంచి తయారైనవాటి మీద నాలుగు అంకెల్లో వారమూ సంవత్సరమూ ముద్రిస్తున్నారు. 2319 అని ఉంటే 2019లో 23వ వారం. గాడులు ఎంత లోతుగా ఉన్నా రబ్బరు గట్టిపడి గోడల మీద పగుళ్లు వచ్చిన టైరును కుటుంబం ఎక్కే బండికి ఉంచకూడదు. అందరూ మరిచిపోయేది స్టెప్నీ. అవసరం వచ్చిన రోజున డిక్కీలోంచి తీస్తే అందులో గాలి ఉండదు. నాన్నగారు నెలకొకసారి దాన్ని కూడా కొలిపించేవారు.

బ్యాటరీ తీగల మీద తెల్లగా, పచ్చగా పొడి పేరుకుంటే వేడినీళ్లతో కడిగి, ఆరిన తరువాత వ్యాజలైన్ పూయడం అక్కయ్య పని. విప్పేటప్పుడు నెగటివ్ తీగ ముందు విప్పాలి, బిగించేటప్పుడు దాన్ని చివర బిగించాలి. లేకపోతే స్పానరు పొరపాటున బండి రేకుకు తగిలినప్పుడు నిప్పులు ఎగుస్తాయి. పూర్తిగా చార్జయిన బ్యాటరీ విశ్రాంతిలో సుమారు 12.6 వోల్టులు చూపాలి, ఇంజను నడుస్తున్నప్పుడు 14 వోల్టులకు అటూ ఇటుగా ఉండాలి. చిన్న మీటరుతో ఈ రెండూ చూసుకుంటే బ్యాటరీది లోపమో, దాన్ని చార్జి చేసే ఆల్టర్నేటరుది లోపమో ఇంట్లోనే తెలిసిపోతుంది. అనవసరంగా బ్యాటరీ కొన్నవారిని నేను చాలామందిని చూశాను.

నడుస్తూ ఉన్నంతకాలం ఎవరికీ గుర్తురానివి రెండు ఉన్నాయి, బ్రేకు ఆయిల్, టైమింగ్ బెల్టు. సాధారణంగా వాడే బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకానికి కొత్తగా ఉన్నప్పుడు మరుగు స్థానం కనీసం 230 డిగ్రీలు ఉండాలి, తేమ చేరిన తరువాత అది 155 దాకా పడిపోవచ్చు. పొడవైన దిగుడులో బ్రేకులు వేడెక్కినప్పుడు ఆ తేమ ఆవిరై బుడగలు కట్టిందంటే, పెడల్ తొక్కినా కాలు ఊరికే కిందికి పోతుంది. అందుకే సుమారు రెండేళ్లకొకసారి మార్చమంటారు. పిస్టన్లూ వాల్వులూ ఒకే లయలో కదిలేలా చూసే టైమింగ్ బెల్టు సంగతి ఇంకా కఠినం. అన్ని ఇంజన్లకూ అది ఉండదు, కొన్నింటికి గొలుసు ఉంటుంది. బెల్టు ఉన్న చాలా ఇంజన్లలో అది తెగిన క్షణంలోనే పిస్టన్లు వాల్వులను కొట్టి ఇంజను పాడైపోతుంది. చాలాసార్లు ముందస్తు హెచ్చరిక ఏదీ రాదు. తయారీదారు చెప్పిన దూరమో, ఏళ్లో, ఏది ముందు పూర్తయితే అప్పుడు మార్చాలి. పాత కారు కొన్నప్పుడు మార్చినట్లు బిల్లు లేకపోతే మార్చలేదనే అనుకోవాలని బాబాయి గట్టిగా చెప్పేవాడు. కనుక బేరం చేసే రోజునే ఆ ఖర్చును, దానితో పాటు ఆయిలు, ఫిల్టర్లు, బ్రేకు ఆయిలు, కూలెంట్, అవసరమైతే టైర్లు, ఇవన్నీ కలిపి కారు ధరలో భాగంగానే నాన్నగారు లెక్కవేసేవారు. చేతిలో ఉన్న డబ్బంతా బండికే పెట్టి, మరునాటికి ఏమీ మిగలకుండా కొనడం ఆయన దృష్టిలో కొనడమే కాదు.

ఒక సెలవుల ప్రయాణంలో కొండదారి ఎక్కుతుండగా డ్యాష్‌బోర్డు మీద బ్యాటరీ దీపం వెలిగింది. బ్యాటరీ దీపమే కదా, ఊరు చేరాక చూసుకుందామని వెనుక నుంచి మామయ్య అన్నారు. నాన్నగారు మాత్రం వెంటనే పక్కకు తీసి ఇంజను ఆపేశారు. మా బండిలో ఆల్టర్నేటరునూ నీటి పంపునూ తిప్పేది ఒకే బెల్టు. అది తెగితే ముందుగా దీపం వెలుగుతుంది, కొద్ది నిమిషాల తరువాత వేడి ముల్లు లేస్తుంది. ఆ కొద్ది నిమిషాలే ఇంజనును దక్కించుకొనే వ్యవధి. బానెట్ ఎత్తితే నిజంగానే బెల్టు ముక్కలై పడి ఉంది. రేడియేటర్ మూత మీద ఎవరినీ చేయి వేయనివ్వలేదు. లోపల ఒత్తిడి ఉండటం వల్ల నీరు 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది, మూత తీయగానే ఒత్తిడి పడిపోయి ఒక్కసారిగా మరిగి మీదికి చిమ్ముతుంది. ఇంజను చల్లబడేదాకా చెట్టు కింద కూర్చున్నాము. డిక్కీలో అదనపు బెల్టు ఉంది, స్పానర్లు ఉన్నాయి. బెల్టు బిగించిన తరువాత మధ్యలో బొటనవేలితో నొక్కితే సుమారు అర అంగుళం లోపలికి పోవాలని నాతో నొక్కించి చూపించారు. ఆ తరువాత మామయ్య తన కారు డిక్కీలో కూడా ఒక బెల్టు పెట్టుకున్నారు.

ఆయన అలవాట్లన్నీ ఈనాటికి పనికివస్తాయని నేను చెప్పను. చోక్ లాగి స్టార్ట్ చేసిన బండిని చాలాసేపు నిలబెట్టి వేడి చేయడం కార్బురేటర్ కాలానికి సరిపోయింది. ఇప్పటి ఇంజన్లు అర నిమిషం ఆగి, మొదటి కొన్ని కిలోమీటర్లు మెల్లగా నడిపితే చాలు, నడకలోనే త్వరగా వేడెక్కుతాయి. దిగుడులో పెట్రోలు ఆదా అవుతుందని ఆయన న్యూట్రల్‌లో వదిలేవారు. ఫ్యూయెల్ ఇంజెక్షన్ ఉన్న బండిలో దీనివల్ల ఫలితం తిరగబడుతుంది. గేరులో ఉంచి యాక్సిలరేటర్ మీది కాలు తీస్తే ఇంజెక్టర్లు ఇంధనం ఇవ్వడం ఆపేస్తాయి. న్యూట్రల్‌లో మాత్రం ఇంజను ఆగకుండా ఉండటానికి కొంత పెట్రోలు కాలుతూనే ఉంటుంది, పైగా ఇంజను బ్రేకింగు ఉండదు. ఈ విషయం మీద మా ఇద్దరికీ చాలాకాలం వాదన నడిచింది. ఆయన చివరిదాకా ఒప్పుకోలేదు గానీ, నా కారు నడిపేటప్పుడు మాత్రం గేరు తీసేవారు కాదు.

నా మొదటి పాత కారు కొనబోయేటప్పుడు డ్యాష్‌బోర్డు కింది 16 పిన్నుల సాకెట్టులో పెట్టి లోపాలు చదివే చిన్న పరికరం తీసుకెళ్లాను. అమెరికాలో 1996 మోడళ్ల నుంచి, యూరప్‌లో పెట్రోలు కార్లకు 2001 నుంచి ఈ ఏర్పాటు తప్పనిసరి అయింది. లోపాలేవీ లేవని పరికరం చూపించగానే నేను సంతోషించాను. నాన్నగారు దాన్ని పట్టించుకోకుండా తాళం చెవి తిప్పి, ఇంజను స్టార్ట్ చేయకుండా డ్యాష్‌బోర్డు మీది దీపాలను చూస్తూ కూర్చున్నారు. తాళం తిప్పగానే ఇంజను దీపం, ఎయిర్‌బ్యాగ్ దీపం, ఏబీఎస్ దీపం, ఆయిల్ దీపం అన్నీ ఒకసారి వెలగాలి, ఆ తరువాత ఆరిపోవాలి. ఆ బండిలో ఎయిర్‌బ్యాగ్ దీపం అసలు వెలగనే లేదు. ఆరని దీపం కంటే వెలగని దీపం ఎక్కువ అనుమానించదగినదని, ఎవరో దాన్ని కావాలని తీసేసి ఉండవచ్చని ఆయన నా చెవిలో చెప్పారు. నేను పరికరంలో మరొక పేజీ తెరిచి చూస్తే, బండి తనను తాను చేసుకొనే పరీక్షలు చాలావరకు పూర్తి కాలేదని ఉంది. అంటే లోపాల జాబితాను ఇటీవలే ఎవరో చెరిపేశారు, లేదా బ్యాటరీ తీగ విప్పారు. ఆయన పద్ధతీ నా పరికరమూ ఒకే మాట చెప్పాయి. మేము ఆ కారు కొనలేదు.

మెకానిక్‌ల విషయంలో నాన్నగారిది మొండి పద్ధతి. ఒక మనిషిని నమ్మితే అతని దగ్గరే ఉండేవారు, ధర కాస్త ఎక్కువైనా మారేవారు కాదు. తీసేసిన పాత భాగాన్ని మాత్రం తప్పకుండా చూపించమనేవారు. బాబాయి దాన్ని తప్పుగా తీసుకొనేవాడు కాదు, అరిగిన చోటును వేలితో చూపిస్తూ ఎందుకు అరిగిందో చెప్పేవాడు. బండి లక్షణాన్ని అతనికి చెప్పే తీరు కూడా నాన్నగారు నేర్పారు. "బ్రేకులు బాగాలేవు" అని తీర్పు చెప్పకుండా, ఎంత వేగంలో, ఇంజను చల్లగా ఉన్నప్పుడా వేడిగా ఉన్నప్పుడా, ఏ వైపు తిరిగినప్పుడు, ఎలాంటి శబ్దం వస్తున్నదో చెప్పాలి. "ప్యాడ్లు మార్చు" అని మనమే చెబితే అతను ప్యాడ్లే మారుస్తాడు, శబ్దం మాత్రం అలాగే ఉండవచ్చు.

రంగు వెలిసిన ఆ కారును వదులుకోవలసిన సమయం వచ్చినప్పుడు కూడా ఆయన కారణం స్పష్టంగా చెప్పారు. ఇంజను ఇంకా బాగానే ఉంది. తలుపుల కింది పట్టీలకు, వెనుక సస్పెన్షన్ బిగించే చోట తుప్పు లోపలి నుంచి తినేస్తున్నదని బాబాయి స్క్రూడ్రైవరుతో పొడిచి చూపించాడు. పైరేకు తుప్పును వెల్డింగు చేయించవచ్చు. బండి బరువు మోసే చోట తుప్పు పట్టినప్పుడు, ప్రమాదంలో లోపలి మనుషులను కాపాడే బలమే పోతుంది. ఏడాదికి అయ్యే మరమ్మతుల ఖర్చు బండి విలువను దాటిపోతున్నదా అన్నది అందరూ వేసే లెక్క. ఆయన మాత్రం తుప్పును ఆ లెక్కలో చేర్చకుండా విడిగా చూసేవారు. కొనడానికి వచ్చిన వ్యక్తికి ఆ తుప్పు చోట్లన్నీ ముందుగానే చూపించి, విడిభాగాల కోసమైతేనే తీసుకోమని చెప్పారు. బిగుతుగా దిగే కిటికీ అద్దం సంగతి కూడా చెప్పారు. బిల్లుల కట్ట, రెండవ తాళం చెవి, చక్రాల లాక్ నట్ విప్పే సాకెట్టు అప్పగించారు. యాజమాన్యం మార్పు కాగితం మీద తేదీతో పాటు అప్పగించిన గంట కూడా వేయించి, ఇద్దరి సంతకాలు అయ్యాక దాని నకలు ఒకటి తన దగ్గర ఉంచుకున్నారు. ఆ గంట తరువాత బండి వల్ల ఏది జరిగినా బాధ్యత మన మీద పడకూడదు కనుక అలా చేశానని అమ్మకు వివరించి, బీమా సంస్థకు కూడా ఆ సాయంత్రమే ఉత్తరం రాశారు.